నక్షత్రాల నడుమ నున్నది శూన్యమా?

'పాలపుంత' అన్న మాటలో ఉత్తరపదమైన 'పుంత'కు బండ్లబాట అని అర్థం. పొలాల నడుమ, అడవుల అంచున బండిచక్రాల ఒరిపిడికి ఏర్పడిన దారిని మన పెద్దలు పుంత అన్నారు. ఆ వెలుగుదారినే ఉర్దూలో 'కహకషాన్' అంటారు. ఇది పారసీకం నుండి వచ్చిన మాట. గడ్డిని ఈడ్చుకొనిపోవడం అన్నది దాని మూలభావం. గడ్డిమోపును ఈడ్చుకొనిపోయిన దారివెంట పరకలు రాలినట్లు నక్షత్రాలు రాలి ఉన్నాయని ఆ మాటను కల్పించినవారి ఊహ. భాషలు వేరైనా రెండు భాషలవారూ ఆకాశంలో దారినే చూశారు. మరి ఆ దారిలో ఒక నక్షత్రానికీ మరొక నక్షత్రానికీ నడుమ ఏమున్నది? ఈ వ్యాసంలో మనం విచారించబోయే ప్రశ్న ఇదే.

అమావాస్య రాత్రి పాల్వంచ దాటి భద్రాచలం వైపు అడవిబాట పట్టినవారికి, పట్టణాల దీపాలు వెనుకబడిన చోట, టేకుచెట్ల తలల మీదుగా పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది. నక్షత్రాల నడుమ మాత్రం చీకటియే కనిపిస్తుంది. ఆ చీకటిని చూచి అది ఉత్త శూన్యమని మన కన్ను సాక్ష్యం చెబుతుంది. కాని ఆ సాక్ష్యం చెల్లదు. అక్కడ అతి పలుచని వాయువు వ్యాపించి ఉన్నది. అందులో అధికభాగం హైడ్రోజన్. ఆ హైడ్రోజన్‌లో ఒక భాగం తన ఎలక్ట్రాన్లను కోల్పోయి, విద్యుదావేశంతో కూడిన స్థితిలో ఉన్నది. దీనినే శాస్త్రజ్ఞులు విరళ అయనీకృత వాయువు అంటారు. కంటికి కనబడని ఈ వాయువును మానవుడు ఎట్లు గుర్తించాడో, అది నేటికీ మన ముందుంచుతున్న చిక్కుముడి ఏమిటో తెలుసుకొనడం విద్యార్థులకు ఎంతైనా అవసరం.

అయనీకరణం అనగా నేమి?

హైడ్రోజన్ పరమాణువు సృష్టిలో అన్నింటికంటె సరళమైనది. నడుమ ఒక ప్రోటాన్, దానికి కట్టుబడి ఒక ఎలక్ట్రాన్. ఆ కట్టును తెంచి ఎలక్ట్రాన్‌ను విడదీయడమే అయనీకరణం. అందుకు 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. కాంతి ద్వారా ఆ శక్తి అందాలంటే దాని తరంగదైర్ఘ్యం 912 ఆంగ్‌స్ట్రాములకు మించరాదు. ఇది మన కంటికి అందని అతినీలలోహిత కాంతి. పిడుగు పడునప్పుడు గాలిలోనూ, వెల్డింగు చేయు చోటనూ, మన ఇళ్ళలోని ట్యూబులైటు గొట్టంలోనూ అయనీకరణం జరుగుతూనే ఉన్నది. ఘన, ద్రవ, వాయు స్థితులకు తోడు ఇది పదార్థానికి నాలుగవ స్థితి. దీనికే ప్లాస్మా అని పేరు.

ఈ విషయంలో మన దేశానికి గర్వకారణమైన పేరు మేఘనాథ్ సాహా. ఢాకా సమీపాన ఒక కుగ్రామంలో 1893లో, చిన్న అంగడి నడుపుకొనే కుటుంబంలో ఆయన జన్మించారు. 1920లో ఆయన ప్రకటించిన సమీకరణం నక్షత్రాల వాతావరణంలో ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ పీడనం వద్ద ఏ మూలకం ఎంతమేరకు అయనీకరణం చెందుతుందో లెక్కగట్టి చూపింది. అందులో మనం ప్రత్యేకించి గమనించవలసిన సంగతి ఒకటున్నది. పీడనం తగ్గినకొద్దీ, అనగా వాయువు పలుచబడినకొద్దీ, అయనీకరణం సులువవుతుంది. వారపు సంతలో తోడు వెదకుకొనేవానికి అడుగడుగునా మనిషి ఎదురవుతాడు. నట్టడవిలో వెదకుకొనేవానికి ఆమడదూరం నడిచినా ఎవరూ కానరారు. విడిపోయిన ఎలక్ట్రాన్ స్థితి కూడా అంతే. వాయువు పలుచనైతే దానికి తిరిగి అయాన్ దొరకదు. నక్షత్రాల నడుమ పరిస్థితి నక్షత్రాల వాతావరణం వంటిది కాదు. అక్కడ పరమాణువులను విడదీసేది దూరపు నక్షత్రాల కాంతి. కావున సాహా సమీకరణం అక్కడ యథాతథంగా వర్తించదు. అయితే పలుచదనం వలన పునస్సంయోగం ఆలస్యమవుతుందన్న సూత్రం మాత్రం అక్కడ మరింత బలంగా పనిచేస్తుంది.

గుంటూరులో కనబడిన ఎర్రగీత

విడిపోయిన ఎలక్ట్రాన్ ఎప్పటికైనా ఒక ప్రోటాన్‌ను చేరుకొన్నప్పుడు, మెట్లు దిగినట్లు ఒక్కొక్క శక్తిస్థాయి దిగుతూ వస్తుంది. మూడవ మెట్టు నుండి రెండవ మెట్టుకు దిగునప్పుడు 6563 ఆంగ్‌స్ట్రాముల ఎర్రని కాంతి వెలువడుతుంది. వర్ణపటంలో ఇది ఒక సన్నని ఎర్రగీతగా కనిపిస్తుంది. దీనిని హైడ్రోజన్ ఆల్ఫా రేఖ అంటారు. ఎక్కడ ఈ ఎర్రగీత కనిపించినా అక్కడ హైడ్రోజన్ ఉన్నదనుటకు అది ముద్ర వేసిన దస్తావేజు వంటిది.

ఈ ఎర్రగీత చరిత్రలో తెలుగునేలకు చెరగని స్థానమున్నది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు ప్రాంతం మీదుగా సాగింది. దానిని పరిశీలించుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ ఎన్నో వేల మైళ్ళు ప్రయాణించి గుంటూరుకు వచ్చాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నెంట్ బృందం కూడా గుంటూరులోనే విడిది చేసింది. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. గ్రహణం పట్టిన సూర్యుని అంచున ఎగసిన జ్వాలల కాంతిని వర్ణపటదర్శినిలో చూడగా కాంతివంతమైన గీతలు కనబడ్డాయి. వాటిలో హైడ్రోజన్ ఎర్రగీత ఉన్నది. ఆ జ్వాలలు వాయుమయములని, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్ అని దానితో తేలిపోయింది. ఆ గీతల కాంతి ఎంత ప్రకాశవంతమో చూచిన జాన్సెన్, గ్రహణం విడిచిన మరునాడు కూడా అదే గుంటూరులో ఆ జ్వాలలను పరిశీలించగలిగాడు. గ్రహణం లేకుండానే సూర్యజ్వాలలను చూడవచ్చునన్న పద్ధతి అక్కడ ప్రాణం పోసుకొన్నది. ఆ గ్రహణంలోనే కనబడిన మరొక పసుపుపచ్చని గీత కాలక్రమాన హీలియం అనే కొత్త మూలకం గుర్తింపునకు దారితీసింది.

సూర్యుని అంచున గుంటూరులో కనబడిన ఆ ఎర్రగీతయే, శతాబ్దం గడిచిన పిమ్మట, నక్షత్రాల నడుమనున్న పలుచని వాయువును పట్టియిచ్చింది.

చెరువులు, నేలలోని తేమ

ఖమ్మం జిల్లాలో నీరెక్కడున్నదని అడిగితే ఎవరైనా లకారం చెరువును, వైరా, పాలేరు జలాశయాలను చూపిస్తారు. కాని చెరువుకూ చెరువుకూ నడుమ నేలలో తేమ లేదా? అడవి అంతా బ్రతుకుతున్నది ఆ కనబడని తేమ మీదనే గదా! ఆకాశంలోని అయనీకృత వాయువు సంగతి సరిగా ఇట్టిదే.

మృగవ్యాధుని నడికట్టుకు దిగువన, కత్తివలె వ్రేలాడే చోట, మసకగా ఒక వెలుగుమచ్చ కనిపిస్తుంది. శీతకాలపు రాత్రులలో మామూలు కంటితోనే దానిని చూడవచ్చును. అది సుమారు 1350 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న నీహారిక. అందులో పుట్టిన వేడి నక్షత్రాల కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను అయనీకరణం చేసి వెలిగిస్తున్నది. ఇట్టి నీహారికలు చెరువుల వంటివి. ఒక నక్షత్రం తన చుట్టూ ఎంతమేర వాయువును అయనీకరణం చేయగలదో డెన్మార్కు దేశస్థుడు స్ట్రోమ్‌గ్రెన్ 1939లో లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం వాయువు దట్టంగా ఉంటే నక్షత్రం వెదజల్లే అతినీలలోహిత కాంతి అంతా ఆ హద్దు లోపలనే ఖర్చయిపోవాలి. హద్దు అవతల హైడ్రోజన్ చెక్కుచెదరక ఉండాలి. అందుచేత అయనీకృత వాయువు చెరువుల వంటి నీహారికలలోనే ఉంటుందని, నడుమ ఉండదని ఊహించుట సహజం. ఆ ఊహ నిలువలేదు.

ఎట్లు తెలియవచ్చినది?

మొదటి ఆధారం రేడియో తరంగాల నుండి లభించింది. పాలపుంత నుండి వచ్చే అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు అనుకొన్నదానికంటె బలహీనంగా ఉన్నట్లు ఆస్ట్రేలియాలోని పరిశీలనలు చూపాయి. మార్గమధ్యమున ఏదో వాటిని మ్రింగుచున్నది. పాలపుంత తలమంతటా అయనీకృత వాయువు పొర ఒకటున్నదని, అదే ఆ తరంగాలను శోషిస్తున్నదని హాయిల్, ఎల్లిస్ అనే శాస్త్రజ్ఞులు 1963లో ప్రతిపాదించారు.

రెండవ ఆధారం పల్సార్ల వలన వచ్చింది. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని కనుగొన్న ఈ నక్షత్రాలు గడియారం కొట్టినట్లు క్రమం తప్పకుండా రేడియో స్పందనలను పంపుతాయి. ఒకే స్పందనలోని ఎక్కువ పౌనఃపున్యపు తరంగాలు ముందుగానూ, తక్కువ పౌనఃపున్యపువి ఆలస్యంగానూ మనలను చేరుతాయి. దారిలో ఎలక్ట్రాన్లు ఉండుటే ఇందుకు కారణం. ఒకేసారి బయలుదేరిన రెండు బండ్లలో ఒకటి ఇసుకమేటను చులకనగా దాటుతుంది, రెండవది కూరుకుపోతూ దాటుతుంది. అవి ఊరు చేరిన వేళల తేడాను బట్టి నడుమ ఎంత ఇసుక ఉన్నదో చెప్పవచ్చును గదా! ఆ విధంగానే పల్సారుకూ మనకూ నడుమనున్న ఎలక్ట్రాన్ల మొత్తాన్ని లెక్కించారు. ఏ దిక్కున చూచినా ఎలక్ట్రాన్లు ఉన్నవి. నీహారికలు లేని దిక్కున కూడా ఉన్నవి.

మూడవది ప్రత్యక్ష సాక్ష్యం. 1970 తరువాతి దశకంలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేనాల్డ్స్, ఆయన సహచరులు అతి సున్నితమైన పరికరంతో ఆకాశంలోని చీకటి ప్రదేశాలను పరిశీలించి, అక్కడ కూడా హైడ్రోజన్ ఎర్రగీత ఉన్నదని చూపారు. పని సులువైనది కాదు. మన భూమి పై వాతావరణపు అంచున ఉన్న హైడ్రోజన్ కూడా ఇదే ఎర్రకాంతిని వెలువరిస్తుంది. ఇంటి వెలుగేదో దూరపు వెలుగేదో వేరుచేయాలి. ఖమ్మం స్టేషనులో రైలు సమీపించునప్పుడు దాని కూత హెచ్చు స్థాయిలోనూ, దాటిపోవునప్పుడు తగ్గు స్థాయిలోనూ వినబడుట మనందరికీ తెలిసినదే. కదలుచున్న వాయువు పంపే కాంతి కూడా ఇట్లే కొద్దిగా స్థానం మారుతుంది. ఆ కొద్దిపాటి తేడాను బట్టి దూరపు వాయువు కాంతిని వేరుచేయగలిగారు. తరువాత విస్కాన్సిన్ వారు ఇందుకొరకే నిర్మించిన దూరదర్శిని 1997 నాటికి అమెరికాలోని కిట్ పీక్ శిఖరం మీద పని ప్రారంభించి, ఉత్తరాకాశపు పటాన్ని తయారుచేసింది. 2009లో దానిని దక్షిణాకాశం కొరకు చిలీ దేశానికి తరలించారు. వారి పటంలో ఆకాశమంతటా ఎర్రకాంతి లేని దిక్కు దాదాపు లేదు.

ఈ కృషిలో మన దేశం చూస్తూ కూర్చొనలేదు. ఊటీ కొండవాలున గోవింద్ స్వరూప్ నాయకత్వాన 1970లో పూర్తయిన రేడియో దూరదర్శినితో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన అనంతరామయ్య 1980 తరువాతి సంవత్సరాలలో పాలపుంత తలాన్ని పరిశీలించారు. పునస్సంయోగం వలన రేడియో పౌనఃపున్యాలలో వెలువడే హైడ్రోజన్ గీతలను ఆయన కొలిచి, ప్రకాశవంతమైన నీహారికల వెలుపల కూడా తక్కువ సాంద్రతగల అయనీకృత వాయువు విస్తరించి ఉన్నదని నిరూపించారు.

పలుచదనానికి లెక్క

ఈ వాయువు ఎంత పలుచనిదో అంకెలలో చూద్దాం. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. విరళ అయనీకృత వాయువులో పది ఘన సెంటీమీటర్లకు, అనగా రెండు చెంచాల పరిమాణానికి, సుమారుగా ఒక్క ఎలక్ట్రాన్. భూమి మీద ఏ ప్రయోగశాలలోనూ ఇంతటి శూన్యాన్ని సాధించలేము. ఇట్టిచోట విడిపోయిన ఎలక్ట్రాన్ తిరిగి ఒక ప్రోటాన్‌ను కలుసుకొనుటకు సగటున పది లక్షల సంవత్సరాలు పడుతుంది. అంతకాలానికి ఒకసారి జరిగే కలయికలో ఒక చిన్న ఎర్రని మెరుపు వెలువడవచ్చును, వెలువడకపోవచ్చును. అయినా ఆ కాంతి మనకు చేరుచున్నదంటే కారణం దూరమే. వేలాది కాంతి సంవత్సరాల పొడవునా ఉన్న ఆ చిరుమెరుపులన్నీ ఒకే చూపులో కూడుకొని కొలవదగిన వెలుగవుతున్నాయి.

దాని ఉష్ణోగ్రత సుమారు 8000 డిగ్రీలు. సూర్యుని ఉపరితలం కంటె అది వేడి! అయినను అక్కడ చేయి పెట్టినవానికి చేయి కాలదు. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణం వేరు. కమ్మరి సమ్మెటదెబ్బకు ఎగిరిన నిప్పురవ్వ చేతిమీద పడినా చురుక్కుమని ఊరుకుంటుంది, మరిగే నీరు పడితే బొబ్బలెక్కుతుంది. రవ్వ ఎక్కువ వేడి, కాని దానిలో పదార్థం స్వల్పం.

పాలపుంత తలానికి పైనా క్రిందా ఈ పొర సుమారు 3000 కాంతి సంవత్సరాలకు పైగా వ్యాపించి ఉన్నది. మామూలు హైడ్రోజన్ పొర మందం కొన్ని వందల కాంతి సంవత్సరాలు మాత్రమే. అన్నింటికంటె ఆశ్చర్యకరమైన అంకె ఇది: పాలపుంతలోని అయనీకృత హైడ్రోజన్‌లో సుమారు 90 శాతం ఈ పలుచని వాయువులోనే ఉన్నది. ప్రకాశించే నీహారికలన్నీ కలిపినా మిగిలిన కొద్దిపాటి భాగమే. చెరువులలో కంటె నేలలోనే నీరు ఎక్కువన్నమాట.

దీపం వెలిగించినది ఎవరు?

ఇక చిక్కుముడి సంగతి. ఎలక్ట్రాన్లు తిరిగి కలిసిపోతున్నకొద్దీ వాటిని మరల విడదీసే శక్తి ఎక్కడినుండియో నిరంతరం రావాలి. లెక్క చూడగా, పేలిపోయే నక్షత్రాల శక్తినంతటినీ ఇందుకే వినియోగించినా బొటాబొటిగా సరిపోతుంది. మిగిలినవి 30,000 డిగ్రీలకు పైబడిన ఉపరితలం గల భారీ నక్షత్రాలు. వాటి అయనీకరణ కాంతిలో సుమారు 15 శాతం చాలును. శక్తికి కొరత లేదు. కాని ఆ కాంతి దారి ఎట్లు చేసికొన్నది? ఈ నక్షత్రాలు తలానికి దగ్గరగా దట్టమైన హైడ్రోజన్ నడుమ ఉంటాయి. స్ట్రోమ్‌గ్రెన్ లెక్క ప్రకారం వాటి కాంతి అక్కడే ఆగిపోవాలి. వేల కాంతి సంవత్సరాల ఎత్తుకు ఎట్లు చేరుచున్నది?

మన అడవిలోనికి పోయి చూస్తే జవాబు కొంత స్ఫురిస్తుంది. టేకు ఆకులు ఎంత పెద్దవైనా మిట్టమధ్యాహ్నం అడవినేల మీద ఎండమచ్చలు పడుతూనే ఉంటాయి. ఆకు కాంతిని ఆపుతుంది, ఆకుల సందులు వదలుతాయి. నక్షత్రాంతర వాయువు కూడా ఏకరీతిగా పరచిన దుప్పటి కాదు. ముద్దలు ముద్దలుగా, సందులు సందులుగా ఉన్నది. పేలిన నక్షత్రాలు దానిలో పెద్ద బుడగలను, పైకి తెరుచుకొన్న పొగగొట్టాల వంటి మార్గాలను తొలుస్తాయి. ఆ మార్గాల గుండా కాంతి పైకి ప్రసరిస్తుందని నేడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

ఇతర గెలాక్సీలు దీనికి సాక్ష్యమిస్తున్నాయి. దేవయాని నక్షత్రమండలం దిశలో, సుమారు మూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, అంచు మనవైపుగా తిరిగిన 891 సంఖ్యగల గెలాక్సీ ఒకటున్నది. దాని తలానికి పైనా క్రిందా అయనీకృత వాయువు మందమైన పొరగా ఉన్నదని 1990లో రెండు బృందాలు వేరువేరుగా ప్రకటించాయి. అందులో ఒక బృందంలో మన దేశంలో పుట్టి పెరిగిన శ్రీనివాస్ కులకర్ణి ఉన్నారు. ఈ దేవయాని మండలంలోనే మరొక మసక మచ్చను 'చిన్న మేఘం' వంటిదిగా పేర్కొని, 964 ప్రాంతాన తన స్థిరనక్షత్రాల గ్రంథంలో చేర్చినవాడు పారసీక ఖగోళజ్ఞుడు అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ. ఆ మచ్చయే ఇరువదియవ శతాబ్దంలో మరొక మహా గెలాక్సీ అని తేలిన దేవయాని గెలాక్సీ.

అంతటితో సమస్య తీరలేదు. తలానికి దూరమైనకొద్దీ నత్రజని, గంధకం అయాన్ల గీతలు హైడ్రోజన్ ఎర్రగీతతో పోలిస్తే బలపడుతున్నాయి. అనగా పైకి పోయినకొద్దీ వాయువు వేడెక్కుచున్నది. నక్షత్రకాంతి ఒక్కటే దీనిని పూర్తిగా వివరించలేకపోతున్నది. అయస్కాంత క్షేత్రాలా, అల్లకల్లోల ప్రవాహాలా, విశ్వకిరణాలా అన్న చర్చ నేటికీ సాగుతున్నది. మన విద్యార్థులు రేపు చేరి జవాబు వెదకదగిన ప్రశ్న ఇది.

మన ముందున్న పని

ఖగోళశాస్త్రం దూరదేశాలవారి విద్య అని మనవారిలో కొందరికి ఒక అభిప్రాయమున్నది. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణంలో లక్షలాది నక్షత్రాల స్థానాలను ఆ వేధశాల నమోదు చేసింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కుమారుడైన వేణు బాపు హైదరాబాదులోనే పెరిగి, ప్రపంచఖ్యాతిగల ఖగోళజ్ఞుడైనాడు. 1968లో జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వెలసింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణాన్ని అక్కడినుండి పరిశీలించారు. ఉర్దూ తెలిసినవారు, తెలుగు తెలిసినవారు కలిసి నిలబెట్టిన విద్య ఇది.

మన కళాశాల పాలకవర్గం వారికి ఈ సందర్భంగా ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక హైడ్రోజన్ ఉత్సర్గనాళం, మిల్లీమీటరుకు 600 గీతలుగల ఒక గ్రేటింగ్ సమకూర్చితే చాలును. మన వర్ణపటమాపకంలో సుమారు 23 డిగ్రీల కోణం వద్ద, జాన్సెన్ గుంటూరులో చూచిన ఎర్రగీతను మన విద్యార్థి ఖమ్మంలో చూడగలడు. అధిక వోల్టేజీతో నడిచే పరికరం గనుక అధ్యాపకుల సమక్షంలోనే ఆ ప్రయోగం జరుగవలె. ఖర్చు స్వల్పం. కాని పాఠ్యపుస్తకంలో 6563 అన్న అంకెను వల్లెవేసినవానికీ, ఆ గీతను తన కంటితో చూచి, కోణం కొలిచి, ఆ అంకెను తానే రాబట్టినవానికీ ఎంతో భేదమున్నది.

మరొక సంపద మనకు ఖర్చు లేకుండానే లభించింది. అది భద్రాచలం అడవి అంచున మిగిలియున్న చీకటి. మహానగరాల విద్యార్థులకు పాలపుంత కానరాని కాలమిది. మన వీధిదీపాలను, ఆవరణల దీపాలను కాంతి ఆకాశానికి పోకుండా నేలకే పడునట్లు అమర్చుకొంటే ఆ సంపద నిలుస్తుంది. శీతకాలపు సెలవులలో ఒక్క రాత్రి విద్యార్థులను అక్కడకు తీసికొనిపోయి, మృగవ్యాధుని కత్తిలోని నీహారికను చూపించి, దాని చుట్టూ ఉన్న చీకటిని కూడా చూపవలె. పాలపుంతలోని అయనీకృత హైడ్రోజన్ పది పాళ్ళయితే అందులో తొమ్మిది పాళ్ళు ఆ చీకటిలోనే ఉన్నవని వారికి చెప్పవలె.